తెలుగు సారు సంస్కృతం అమ్మిన ఎండాకాలం

లెక్చరర్లకు వేసవి సెలవులుంటాయని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. మా ఊళ్ళో అందరూ అలాగే నమ్మేవాళ్ళు. "నీకేందిరా, రెండు నెలలు కాలు మీద కాలేసుకోని కూసుంటవు" అని మా మేనమామ నా మొహం మీదే అసూయపడ్డాడు కూడా. ఉద్యోగంలో చేరాక గానీ అసలు సంగతి తెలియలేదు. పిల్లలకు సెలవులిచ్చిన మర్నాటి నుంచే మాకు అసలైన కొలువు మొదలయ్యేది. పదో తరగతి పరీక్ష రాసిన పిల్లలున్న ఇళ్ళన్నీ వెతికి పట్టుకుని, తలుపు తట్టి, మీ పిల్లను మా కాలేజీలో చేర్పించండి మహాప్రభో అని బతిమాలుకోవడం ఆ కొలువు. దానికి అడ్మిషన్ డ్యూటీ అని పేరు. ఫిజిక్స్ సారు, ఇంగ్లీషు మేడం అన్న తేడా లేదు, ఎండ అందరికీ సమానమే. ఇప్పటికీ ఏప్రిల్, మే నెలల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులో చూసినా మెడలో ఐడీ కార్డు, చంకలో పాంప్లెట్ల కట్ట పెట్టుకుని ఇంటి నంబర్లు వెతుక్కునే మనుషులు కనిపిస్తారు. వాళ్ళను కొరియర్ వాళ్ళనుకోకండి, చాలామంది పీజీలు చేసినవాళ్ళు. దయచేసి ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి.

మా కాలేజీ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బస్‌స్టాప్‌కు సరిగ్గా ఎదురుగా ఉండేది. కింద చెప్పుల షోరూము, దాని మీద చీటీల ఆఫీసు, ఆ పైన మూడంతస్తులూ మేము. కిటికీ తెరిస్తే హారన్ల మోత, మూస్తే ఉక్క. నేను అక్కడ తెలుగు లెక్చరర్ని. ఈ మాట చెప్పగానే కొందరు సానుభూతిగా చూస్తారు, వాళ్ళకు విషయం తెలుసన్నమాట. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా తెలుగు తీసుకోవచ్చు, సంస్కృతమూ తీసుకోవచ్చు. సంస్కృతమైతే జవాబులు తెలుగు లిపిలో రాసినా ఒప్పుకుంటారనీ, నాలుగు ముక్కలు బట్టీపడితే మార్కులు కుండపోతగా కురుస్తాయనీ లోకమంతటికీ తెలుసు. అందుచేత ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో పోట్లాడుకునేది తెలుగు, పరీక్షకు మాత్రం సంస్కృతం. (ఆ భాష మీద నాకే కోపమూ లేదు. ఈ వ్యవహారంలో పాపం అదీ బాధితురాలే.) సంస్కృతం సారుకు పెద్ద హాలు, చేతికి మైకు ఇచ్చారు. నాకు స్టోరు రూము ఇచ్చారు. విరిగిన బెంచీల పక్కన, పట్టుమని పది మంది కూడా లేని నా శిష్యబృందంతో నేను ప్రబంధాలు చెప్పుకునేవాణ్ణి.

మా ప్రిన్సిపాల్‌కు మేము పెట్టుకున్న పేరు టార్గెట్ సార్. ఆయన నోటి నుంచి ఆ మాట రాకుండా ఒక్క వాక్యం పూర్తయ్యేది కాదు. ఏప్రిల్‌లో ఒకరోజు నన్ను పిలిచి, కూర్చోమనకుండానే, "చూడండి మాస్టారూ, మీకు చంపాపేట్ ఏరియా ఇస్తున్నాను. మంచి ఏరియా. అయితే ఒక విషయం. ఈసారి తెలుగుకి పన్నెండు మంది చేరితేనే సెక్షన్ నడుస్తుంది. అది మీ టార్గెట్. లేకపోతే సెక్షన్ ఎత్తేయమంటోంది మేనేజ్‌మెంటు. సెక్షనే లేకపోతే ఇక మీరు..." అని ఆపి, తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. నాకర్థమైంది. ఊళ్ళో అమ్మానాన్నలకు ఉద్యోగం వచ్చిందని చెప్పి ఏడాది కూడా కాలేదు. అప్పుడు ఆయన నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి అప్పజెప్పాల్సిన పాఠం అది. దాంట్లో మొట్టమొదటి ముక్క ఏమిటో తెలుసా? "మా కాలేజీలో ద్వితీయ భాషగా సంస్కృతం. తొంభై తొమ్మిది మార్కులు ఖాయం." నేను రెండుసార్లు చదివి, "సార్, నేనే వెళ్ళి సంస్కృతం తీసుకోమని చెబితే నా తెలుగుకి ఎవరొస్తారు సార్?" అన్నాను. "అది మీరు చూసుకోవాలి. ముందు అడ్మిషన్ పట్టుకురండి, ఆ తరవాత మోటివేట్ చేయండి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, సొంత కవిత్వం వద్దు" అన్నారాయన. నేను కూర్చున్న కొమ్మను నాచేతే నరికించి, చప్పుడు రాకుండా నరకమని చెప్పి పంపించారు.

ఇక చూడండి నా అవస్థ. ఏ ఇంటికి వెళ్ళినా ముందు సంస్కృతం గొప్పదనం చెప్పాలి. వాళ్ళు మురిసిపోయి సరేనన్నాక, చల్లగా గొంతు తగ్గించి, "అయితే తెలుగు కూడా మంచిదేనండీ" అని నసగాలి. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు. సంస్కృతంలో నాకు మంచి పేరొచ్చింది. నేను పట్టుకొచ్చిన అడ్మిషన్లు చూసి సంస్కృతం సారు నాకు మిర్చిబజ్జీలు కూడా ఇప్పించారు. అయినా ఎలాగో, కాళ్ళరిగేలా తిరిగి, సంస్కృతం అంటే భయపడే వాళ్ళనూ, అన్నయ్య పాత తెలుగు పుస్తకాలు ఇంట్లో పడి ఉన్న వాళ్ళనూ ఏరుకుని, మే నెల సగమయ్యేసరికి పదకొండు మందిని పోగుచేశాను. ఇంకొక్కరు కావాలి. ఆ ఒక్కరూ చంపాపేట్‌లో కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక టెంట్ హౌస్ వాళ్ళమ్మాయి రూపంలో ఉన్నారని నాకు ఆశ కలిగింది. ఫోను చేస్తే వాళ్ళమ్మ, "మా బిడ్డ సంస్కృతమా తెలుగా ఇంక ఏం అనుకోలే సారు, ఇంటికొచ్చి చెప్పుండ్రి" అంది. ఏమీ అనుకోని పిల్ల! ఆ నెలలో నేను విన్న తీయని మాట అదే.

వెళ్ళాను. ముందు భాగమంతా గోడౌను, ఎర్ర కుర్చీలు కప్పు దాకా, చుట్టిన తివాచీలు, వెనక రెండు గదుల్లో కాపురం. పిల్ల తండ్రి నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి షామియానాల వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. నేను ఆయన్ను మనసులో షామియానా అన్న అని పిలుచుకునేవాణ్ణి. ఆయన తివాచీ చుట్ట మీద కూర్చుని, నాకు కుర్చీ వేశాడు. నేను గొంతు సవరించుకునేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పైన ఉండే ఓనరమ్మ. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. ఏ కాలేజీ బండి ఆగినా ఆవిడ దిగి వచ్చేస్తారట. వాళ్ళబ్బాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి చదువుల విషయంలో ఆ ఇంటికి ఆవిడే అధ్యక్షురాలు. "చెప్పండి మాస్టారూ, మీకు ర్యాంకులెన్ని?" అన్నారు కుర్చీ లాక్కుంటూ. నేను కాగితం ప్రకారం చెప్పాను. "హోర్డింగ్ వేశారా?" వేశామన్నాను. అప్పుడు పిల్ల తల్లి తలుపు వెనక నుంచి, "సారూ, మీ హోర్డింగ్ మీదున్న పిల్ల, ఎల్బీనగర్ చౌరస్త కాడ ఇంకో కాలేజ్ హోర్డింగ్ మీద గూడ నవ్వుతున్నది గదా? ఇద్దరు కవలపిల్లలా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను మంచినీళ్ళు తాగాను.

షామియానా అన్నకు ర్యాంకులతో పనిలేదు. "సారూ, జనరేటర్ ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. "ఎంతది? లిఫ్టు గూడ గుంజుతదా?" నాకు తెలియదన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో, ఇంత చదువుకుని ఇది తెలియదా అన్న జాలి ఉంది. "బండ్లు పెట్టుకునెతందుకు జాగ?" "నీళ్ళ ట్యాంకర్ లోపటిదాంక ఒస్తదా?" నేను కాలేజీ గురించి చెబుతుంటే ఆయన ఫంక్షన్ హాలు గురించి వింటున్నాడు. తల్లి అడిగినవి వేరు. "ఎన్ని గంటలకు ఇడుస్తరు సారు? పొద్దుగూకక ముందే ఇంటికొస్తదా? బాత్రూములు సాఫ్ ఉంటయా?" వీటికి నా కాగితంలో జవాబులు లేవు. 'ప్రపంచ స్థాయి వసతులు' అని మాత్రం ఉంది, అదే చెప్పాను. "అంటే సాఫ్ ఉంటయా, ఉండయా?" అందావిడ. ఇక లాభం లేదని నా బ్రహ్మాస్త్రం, నా పాశుపతాస్త్రం తీశాను. సంస్కృతం, తొంభై తొమ్మిది. అంతే, ఓనరమ్మ మొహం వెలిగిపోయింది. "మా అబ్బాయి కూడా సంస్కృతమేనండీ, ఒక్క మార్కు పోయింది. వాడు రెండు రోజులు అన్నం తినలేదు!" "ఇప్పుడేమన్న యాదికున్నదా ఆంటీ బాబుకు?" అని పిల్ల తల్లి ఆసక్తిగా అడిగింది. "ఇప్పుడెందుకమ్మా అదంతా!" అని ఓనరమ్మ కొట్టిపారేశారు. నా మొహం మాడిపోయింది. కొమ్మ మీద ఇంకో వేటు పడింది. పిల్ల మాత్రం మూల కూర్చుని, ముందురోజు పెళ్ళి నుంచి వచ్చిన స్పూన్లను కట్టలు కడుతూ, ఒక్క మాటా మాట్లాడకుండా నన్నే చూస్తోంది.

రెండోసారి షామియానా అన్న కాలేజీ చూస్తానన్నాడు. సంతోషంగా తీసుకెళ్ళాను. క్లాసులు చూపిస్తానంటే, "గవి తర్వాత" అని నేరుగా జనరేటర్ దగ్గరికి నడిచాడు. దాని చుట్టూ తిరిగి, తట్టి, వాచ్‌మన్‌తో స్టార్టు చేయించి, ఆ పొగలో నిలబడి తృప్తిగా తలూపాడు. తరవాత లిఫ్టులో మూడుసార్లు పైకీ కిందికీ వెళ్ళాడు. ఆ తరవాత మిద్దె మీదికెక్కి, ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులేసి, "సారూ, ఈడ మూడొందల మందికి బఫే పెట్టొచ్చు" అన్నాడు. అన్నా, ఇది కాలేజీ అన్నాను. "ఎరుకే. ఫేర్‌వెల్ పార్టీలు చేస్తరు గదా?" అని నా భుజం తట్టి, వెళుతూ వెళుతూ టార్గెట్ సార్ టేబుల్ మీద తన విజిటింగ్ కార్డు పెట్టి వచ్చాడు. ఆ ఎండలో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత చేసీ, "మరి చేర్పిస్తారా అన్నా?" అంటే, "నాదేముంది సారూ, ఇంట్ల అడగాలె, ఓనరమ్మను అడగాలె" అన్నాడు. జనరేటర్ సంగతి మాత్రం ఆయనే తేల్చుకున్నాడు.

మూడోసారి వెళ్ళేసరికి నా కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నాడు. ఎదుటి కాలేజీ మనిషి. పక్కన తళతళలాడే కొత్త స్కూలు బ్యాగు, చేరకముందే ఇచ్చే కానుక. (వాళ్ళ యాజమాన్యం బ్యాగులిచ్చేది. మా వాళ్ళు క్యాలెండర్ ఇచ్చేవాళ్ళు, అదీ జనవరిలో పంచగా మిగిలిపోయినది.) అతనూ నా ఈడువాడే, బోటనీ లెక్చరరట. ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకుని, పోటీ దుకాణాల వాళ్ళలా ఇబ్బందిగా నవ్వుకున్నాం. అతను మొదలుపెట్టాడు. ర్యాంకులు, ఏసీ, ప్రపంచ స్థాయి వసతులు, సంస్కృతం తొంభై తొమ్మిది. తరవాత నేను మొదలుపెట్టాను. ర్యాంకులు, ఏసీ, ప్రపంచ స్థాయి వసతులు, సంస్కృతం తొంభై తొమ్మిది. "ఏంది, అందరొక్కటే పాట పాడవడితిరి?" అన్నాడు షామియానా అన్న. "పోటీ అలాగే ఉంటుందండీ. అయితే మాస్టారూ, మీరు బ్యాగు ఇవ్వరా?" అన్నారు ఓనరమ్మ నాతో. నాకు ఒళ్ళు మండడం అప్పుడే మొదలైంది.

అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. స్పూన్ల కట్ట పక్కన పెట్టి, "సార్, మీరు కాలేజ్ల ఏం చెప్తరు?" అంది. తెలుగు అన్నాను. "తెలుగా?" తెలుగే. "మరి సంస్కృతం తీస్కొమ్మంటున్నరేంది?" నేను పాంప్లెట్ల కట్ట సర్దుకున్నాను. బోటనీ ఆయన కిందికి చూశాడు. ఆ పిల్ల వదల్లేదు. (అప్పటి నుంచి ఆమె నాకు లాయరమ్మ.) "అందరు సంస్కృతమే తీస్కుంటే ఇగ మీరేం జేస్తరు సార్?"

నెలన్నర రోజుల ఎండ, పాంప్లెట్లు, జనరేటరు పొగ, మిర్చిబజ్జీలు, అన్నీ ఒక్కసారిగా తలకెక్కాయి. కాగితంలోని ఆ మర్యాద తెలుగు ఎటు పోయిందో తెలియదు, మా ఊరి భాష తన్నుకుంటూ వచ్చింది. "ఏం జేస్త? ఇంటికి పోత! గిన్ని దినాల సంది మీ ఇంటి సుట్టు తిరుగుతున్న, ఒక్కలన్న అడగవలసింది అడిగిండ్రా? జనరేటర్ జూస్తిరి, హోర్డింగ్ జూస్తిరి, బ్యాగు జూస్తున్నరు. చదువు చెప్పేటోడు ఎవడని ఎవరన్న అడిగిండ్రా? పిల్ల లేశి ఒక మాట అడిగితే జవాబు చెప్తడా, కసురుకుంటడా? ఆ సారు ఏడాదంత ఉంటడా, నడుమల్నే ఎల్లిపోతడా? గది అడగండి! లైబ్రరీ ఉన్నదని రాస్తరు, దాని తాళం ఎవల దగ్గరున్నదో అడగండి. పిల్ల ఎప్పుడు తింటది, ఎప్పుడు పంటది, ఇంటి నుంచి ఎంత దూరం, గది జూడండి. అమ్మ బాత్రూముల గురించి అడిగింది, శానా మంచి మాట అడిగింది, నేను జవాబు చెప్పలే. ఎవరు చెప్పరు. మీరే లోపటికి పోయి సూసి రాండ్రి!" నేను ఆగితే బాగుండేది, ఆగలేదు. "ఇగ తెలుగంటరా? తెలుగు తీస్కుంటే నాలుగు మార్కులు తక్కువొస్తయి. రానియ్యండి! నాలుగు మార్కులు తక్కువైతే ఎవడు సచ్చిండు? తన బాధ తన మాటల్ల రాస్కునుడు అస్తది ఆ పిల్లకు!"

అని కూర్చున్నాను. (లేచి నిలబడ్డానని అప్పుడే తెలిసింది.) బోటనీ ఆయన నా చెవి దగ్గరికి వంగి, "మా కాలేజీ గురించి కూడా చెప్పేసినట్టున్నారండీ" అన్నాడు మెల్లగా. కోపంగా అనలేదు, కాస్త పొగుడుతున్నట్టే అన్నాడు. "ఇదేవిటండీ, సొంత కాలేజీని పట్టుకుని!" అని ఓనరమ్మ బుగ్గలు నొక్కుకున్నారు. షామియానా అన్న మాత్రం గడ్డం గోక్కుంటూ, "గీ ముచ్చట మొదలే చెప్తే అయిపోవు గద సారూ" అన్నాడు. తల్లి చాయ్ తెచ్చింది, ఈసారి బిస్కెట్లతో సహా. లాయరమ్మ, "సరే సార్, చూస్తం" అంది. ఆ 'చూస్తం'లో నాకు పన్నెండో అడ్మిషన్ వినిపించింది. సాయంత్రం చంపాపేట్ నుంచి కొత్తపేటలోని నా గది దాకా నేల మీద నడవలేదు నేను. ఏడాది పొడుగునా చెప్పిన పాఠాలన్నిట్లోకీ అదే గొప్ప పాఠమని నా నమ్మకం. స్టోరు రూములో మొదటి బెంచీ మీద లాయరమ్మ కూర్చుని నన్ను ప్రశ్నలతో చంపుతున్నట్టు కల కూడా కన్నాను. మెస్సులో రెండో ఆమ్లెట్ చెప్పాను.

వారం గడిచింది, ఫోను లేదు. జూన్ దగ్గర పడింది. ఇక ఉండబట్టలేక నేనే వెళ్ళాను. వాళ్ళంతా భోజనాల దగ్గర ఉన్నారు. "కూసోండ్రి సారు, తింటరా?" అని తల్లి ఎంతో ప్రేమగా అడిగింది. ఆ ప్రేమ చూడగానే నాకు అనుమానం వచ్చింది. షామియానా అన్న తలెత్తలేదు. లాయరమ్మే చెప్పింది. "సార్, మీరు చెప్పినవన్ని పట్టుకోని అన్ని కాలేజ్‌లు తిరిగినం. నాన్న బండి మీద నేను, అమ్మ ముగ్గురం పోయినం. ఎల్బీనగర్ దగ్గర ఒక చిన్న కాలేజ్ ఉన్నది, మీకు తెల్వదు. ఆడ చేరిన." నేను ఎర్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మా కాలేజీ చూశారా అమ్మా?" "అందరికంటె ముందు మీదే చూసినం సార్. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో ఎవరికి తెల్వదంట. ఆఫీసామె నన్నే అడిగింది, నీకెవరు చెప్పిండ్రు ఈడ లైబ్రరీ ఉన్నదని." బాత్రూముల సంగతి తల్లి అందుకోబోయి, అన్నం కంచాలు చూసి, "ఒద్దులే సారు, తినేటప్పుడు" అని ఆగిపోయింది.

"సరేనమ్మా, అవన్నీ నేను మాట్లాడి..." అని నేనింకా బేరం వదులుకోకుండా ఏదో అనబోయాను. అప్పుడు లాయరమ్మ మొదటిసారి కొంచెం తడబడింది. "గది కాదు సార్. సార్లు నడుమల ఎల్లిపోతరా అని మీ ప్రిన్సిపాల్ సార్‌ను అడిగిన. మీరే అడగమంటిరి గద. మా కాలేజీలో ఎవ్వరు పోరు, తెలుగు సారొక్కడు జూన్ నుంచి క్లాసులకు రాడు అన్నడు. మస్తు సంస్కృతం అడ్మిషన్లు తెచ్చిండంట, అందుకని మీకు ఏడాదంత అడ్మిషన్ల పనే ఇస్తున్నరంట. తెలుగు సెక్షన్ తీసేస్తున్నరంట." నా మొహం చూసి, "మీకు చెప్పలేదా సార్?" అంది. నాకెవరూ చెప్పలేదు. నా ఉద్యోగం సంగతి నాకు ఆ టెంట్ హౌస్‌లో, ఎర్ర కుర్చీ మీద, పప్పన్నం తింటున్న పదిహేనేళ్ళ పిల్ల నోటి నుంచి తెలిసింది. "నేనైతే తెలుగే తీస్కున్న సార్, ఆడ" అని ఓదారుస్తున్నట్టు చేర్చింది. తల్లి నా ముందు కంచం పెట్టి వడ్డించేసింది. ఏడుపు, ఆకలి రెండూ వచ్చాయి. తిన్నాను.

మర్నాడు టార్గెట్ సార్ నన్ను చూడగానే లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. అంతకుముందెప్పుడూ లేవలేదు. "కంగ్రాచ్యులేషన్స్ మాస్టారూ! ఏరియా మొత్తం మీద సంస్కృతం అడ్మిషన్లు మీవే ఎక్కువ. మీలో ఇంత టాలెంట్ ఉందనుకోలేదు. ఇక పాఠాల గొడవ లేదు, పెట్రోలు కూడా ఇస్తాం." పదకొండు మంది తెలుగుకి చేరారు సార్, వాళ్ళ సంగతేమిటని అడిగాను. "అదే చెప్పబోతున్నా. వాళ్ళను సంస్కృతంలోకి మార్చే బాధ్యత కూడా మీదే. మీరు చెబితే వింటారు" అన్నారాయన, ఎంతో నమ్మకంగా. ఆ క్షణంలో నేను భాష కోసం, ఆత్మగౌరవం కోసం గొప్ప మాటలేవో అన్నానని ఈ మధ్య దాకా మిత్రులకు చెప్పుకున్నాను. నిజానికి అంత సీను లేదు. ఇంకొక్కసారి ఎవరి గుమ్మంలోనైనా నిలబడి 'సంస్కృతం, తొంభై తొమ్మిది' అనాల్సి వస్తే అక్కడే వాంతి చేసుకుంటానేమోనని భయమేసింది, అంతే. "నాతోని కాదు సార్" అని ఐడీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని సొరుగులో వేసుకుంటూ, వచ్చే ఏడాదికి బోటనీ లెక్చరర్ ఎవరైనా దొరికితే చెప్పమన్నారు.

ఆ పదకొండు ఇళ్ళకూ ఫోను చేసి సెక్షన్ లేదని చెప్పాను. ఒకాయన తిట్టాడు, ఇద్దరు జాలిపడ్డారు, మిగతావాళ్ళు హాయిగా సంస్కృతంలోకి మారిపోయారు. ఊళ్ళో మేనమామ, "సెలవులు బాగ గడిసినయా?" అని అడిగితే కొట్టినంత పనిచేశాను. ట్యూషన్లు చెప్పుకుంటూ ఏడాది నెట్టుకొచ్చి, ఆ తరవాత అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక కాలేజీలో కుదురుకున్నాను. ఇప్పటికీ తెలుగే చెబుతున్నాను, ఇప్పుడూ మైకు లేదు. మే నెల వచ్చిందంటే చాలు, బంధువులో, పాత విద్యార్థుల తల్లిదండ్రులో ఫోను చేసి, "మాస్టారూ, మా పిల్లకు ఏ కాలేజీ మంచిది?" అంటారు. గుక్క తిప్పుకోకుండా అరగంట చెబుతాను. వాళ్ళు ఎంతో శ్రద్ధగా ఊఁ కొట్టి, చాలా థాంక్సండీ అని, పక్కింటి అబ్బాయి చేరిన కాలేజీలోనే చేర్పిస్తారు. ఇంత వయసొచ్చాక కోపం రాకూడదు కదా. వస్తోంది, ఏం చేయను!

అప్పుడప్పుడు ఆ చెమట చొక్కా కుర్రాడు, అంటే అప్పటి నేను, గుర్తొస్తాడు. ఆ రోజు చంపాపేట్ నుంచి పప్పన్నం తిని తిరిగి వస్తూ, తన పాఠం మట్టిలో కలిసిపోయిందని దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాడు వాడు. పిచ్చి సన్నాసి. ఇన్నేళ్ళలో నేను వందల మందికి పాఠాలు చెప్పాను. చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం కూడా వదలకుండా నేర్చుకుని, వెళ్ళి అన్ని చోట్లా ప్రయోగించి చూసిన విద్యార్థిని ఆ లాయరమ్మ ఒక్కతే, ఆమె నా క్లాసులో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. వాడికి ఆ సంగతి తెలిసి ఉంటే ఆ రాత్రి కూడా మెస్సులో రెండో ఆమ్లెట్ చెప్పుకునేవాడు.